దూరపు కొండల లెక్క: కట్టడాల్లో, ఫొటోల్లో కంటికి కలిగే భ్రమలు

అందరికీ నమస్కారం.

"దూరపు కొండలు నునుపు" అన్న సామెతతో మొదలుపెడతాను. మనం దాన్ని పరాయి ఊళ్ల గురించో, పరాయి మనుషుల గురించో వాడుకుంటాం. అయితే దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నా లెక్క సరిపోతుంది. మంచి చూపున్న కన్ను విడదీసి చూడగలిగే అతి చిన్న కోణం డిగ్రీలో సుమారు 60వ వంతు. కిలోమీటరు దూరంలో ఆ కోణం 29 సెంటీమీటర్లను కప్పేస్తుంది. అంటే కిలోమీటరు అవతలి కొండ మీద జానెడు రాయి ఏదీ మనకు విడిగా కనపడదు. పది కిలోమీటర్ల అవతల అయితే మూడు మీటర్ల బండ కూడా పక్క బండలో కలిసిపోతుంది. గరుకు పోయి నునుపు మిగులుతుంది. ఇంతవరకు కన్ను పని. ఆ నునుపును చూసి "ఇది చాలా దూరం" అని తీర్మానించేది మనసు. పెద్ద వాన వెలిసిన సాయంత్రం అదే కొండ ఊరికి దగ్గరగా జరిగినట్టు అనిపిస్తుంది కదా? గాలిలోని దుమ్ము కడిగినట్టు పోయి, నీడలు నల్లగా, అంచులు పదునుగా కనిపిస్తాయి. కొండ ఎక్కడిదక్కడే ఉంది. మనసు చూసుకునే గుర్తు మారింది, దాంతో తీర్పూ మారింది.

కంటికి అందేది కోణం ఒక్కటే. చార్మినార్ ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. రెండు కిలోమీటర్ల దూరం నుంచి దాని వెడల్పు కంటిలో ఎంత కోణం చేస్తుందో, రెండు మీటర్ల దూరంలో పట్టుకున్న రెండు సెంటీమీటర్ల నాణెం కూడా అంతే కోణం చేస్తుంది. కంటి లోపలి తెర అయిన రెటీనాకు ఈ రెండిటికీ తేడా లేదు. ఎంత పెద్దదో తెలిస్తే మనసు దూరాన్ని తేల్చుకుంటుంది. ఎంత దూరమో తెలిస్తే పరిమాణాన్ని తేల్చుకుంటుంది. రెండూ తెలియనప్పుడు చుట్టుపక్కల ఉన్నవాటిని సాక్ష్యం అడుగుతుంది. ఆ సాక్షులతో ముందే మాట్లాడి పెట్టుకోవడమే స్థపతి, సెట్టు వేసేవాడు, కెమెరా పట్టినవాడు చేసే పని. ఇలా తయారైన ప్రతి భ్రమకూ చూసేవాడు నిలబడవలసిన చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటు ఎక్కడో లెక్క కట్టడం వస్తే భ్రమను కట్టనూ వచ్చు, విప్పనూ వచ్చు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ చోటు గురించే.

అందరూ చూసిన చంద్రుణ్ని తీసుకుందాం. ఉదయించేటప్పుడు పళ్లెమంత, నడినెత్తికొచ్చాక లడ్డూ అంత అనిపిస్తాడు. కొలిస్తే రెండు చోట్లా సుమారు అర డిగ్రీయే. నిజానికి దిగంతం దగ్గర ఉన్నప్పుడు భూమి వ్యాసార్ధమంత, అంటే దాదాపు 6,400 కిలోమీటర్లు, మనకు ఎక్కువ దూరంలో ఉంటాడు. కాబట్టి ఒకటిన్నర శాతం చిన్నగానే ఉండాలి. చెట్లు, ఇళ్లు, ఊరి అంచు పక్కన కనిపించడంతో మనసు అతన్ని దూరపు వస్తువుగా లెక్కేసి, అంత దూరంలో ఇంత కోణమంటే పెద్దదే అయ్యుండాలని తేల్చుకుంటుందన్నది ఎక్కువ మంది చెప్పే వివరణ. దీని మీద వాదాలు ఇంకా ముగియలేదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి ఆ సాక్షులను కనపడకుండా చేసి చూడండి, పళ్లెం మళ్లీ లడ్డూ అవుతుంది.

కెమెరాకు ఈ మొహమాటం లేదు. సెన్సరు, అంటే కెమెరాలో బొమ్మ పడే పలక మీద చంద్రుడి వ్యాసం ఎంత అంటే, లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను (24, 50 ఎం.ఎం. అంటూ లెన్సుకు చెప్పే కొలతను) 110తో భాగిస్తే వచ్చినంత. ఫోన్‌లోని మామూలు లెన్సు ఫుల్‌ఫ్రేమ్ (36 ఇంటూ 24 ఎం.ఎం. సెన్సరు) లెక్కలో 24 ఎం.ఎం. అనుకుంటే 0.22 ఎం.ఎం. వస్తుంది. 36 ఎం.ఎం. వెడల్పు ఫ్రేములో అది 165వ వంతు. పున్నమి రాత్రి డాబా మీద తీసిన ఫొటోలో చంద్రుడు పిండి చుక్కలా పడడానికి కారణం ఇదే. మరి భవనం వెనక పెద్ద బంతిలా ఉన్న చంద్రుడి ఫొటోలు ఎలా వస్తాయి? వాటిలో పెరిగింది చంద్రుడు కాదు, తగ్గింది భవనం. ఏ వస్తువైనా చంద్రుడంత కనిపించాలంటే దాని కొలతకు 110 రెట్ల దూరం వెళ్లాలి. చార్మినార్ వెడల్పుకు సరిపోవాలంటే 20 ఇంటూ 110, అంటే 2.2 కిలోమీటర్లు. హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం 18 మీటర్లు కాబట్టి సుమారు 2 కిలోమీటర్లు. ముందు ఈ దూరాన్ని మ్యాపు మీద గీసుకోండి, లెన్సు సంగతి తర్వాత. 400 ఎం.ఎం. లెన్సుతో చంద్రుడు 3.6 ఎం.ఎం. పడతాడు, 24 ఎం.ఎం. ఎత్తు ఫ్రేములో 15 శాతం.

చెడేది ఎక్కడంటే, చంద్రుడు తన వెడల్పంత జరగడానికి రెండు నిమిషాలు చాలు. చార్మినార్ ఉదాహరణలో ఆ జరుగుడును అందుకోవాలంటే మీరు 20 మీటర్లు పక్కకు నడవాలి. అందుకని ఇరుకు సందులోంచి కాదు, పక్కకు కదలడానికి వీలున్న డాబా మీద నుంచో, కట్ట మీద నుంచో తీయాలి. పున్నమి నాడు చంద్రుడు పైకొచ్చేసరికి వెలుగు తగ్గిపోతుంది. ముందురోజు అయితే పొద్దుగూకక ముందే ఉదయిస్తాడు, భవనం మీద ఇంకా వెలుతురు ఉంటుంది. ఫోకస్ భవనం మీద పెట్టి ఎఫ్ 8లో (ఎఫ్ అంకె పెరిగితే లెన్సు రంధ్రం సన్నబడుతుంది) తీస్తే 2 కిలోమీటర్లలో రెండూ పదునుగానే వస్తాయి. అయినా ఫొటో నీళ్లలో తీసినట్టు ఆడితే ఆ తప్పు లెన్సుది కాదు. పగలంతా కాగిన రేకులూ స్లాబులూ వదిలే వేడిగాలిది. వాన పడిన మర్నాడు ప్రయత్నించండి.

ఇక్కడ ఒక పొరపాటు మాటను సరిచేయాలి. "టెలిఫొటో లెన్సు దూరాన్ని నొక్కేస్తుంది, వైడ్ లెన్సు సాగదీస్తుంది" అంటుంటారు. లెన్సు అలాంటిదేమీ చేయదు. ఒకే చోట ట్రైపాడ్ పెట్టి 24 ఎం.ఎం. లెన్సుతో ఒకటి, 200 ఎం.ఎం. లెన్సుతో ఒకటి తీయండి. మొదటి ఫొటో మధ్య భాగాన్ని కత్తిరించి రెండో దానంత పెద్దది చేయండి. పదును తగ్గుతుందే గానీ వస్తువుల మధ్య నిష్పత్తి వెంట్రుకవాసి కూడా మారదు. నిష్పత్తిని నిర్ణయించేది మీరు నిలబడ్డ దూరం. సెల్ఫీలో ముక్కు పెద్దదవడం కూడా ఇదే. ఫోన్ ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దానికి 12 సెంటీమీటర్లు వెనకున్న చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దదిగా పడుతుంది. మీటరున్నర దూరం నుంచి ఆ తేడా 8 శాతమే.

హుస్సేన్‌సాగర్ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. నీళ్లలో 18 మీటర్ల బుద్ధుడు, ఒడ్డున 50 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం. పీఠాలు వదిలేస్తే రెండోది మొదటిదానికి రెండింతల పైచిలుకు. అంబేడ్కర్ విగ్రహం బుద్ధుడి కంటే రెండింతల పైచిలుకు దూరంలో ఉండేలా ఎక్కడ నిలబడినా రెండు విగ్రహాలూ ఒకే ఎత్తు కనిపిస్తాయి. ఇంకా దగ్గరికి వెళ్తే బుద్ధుడే పెద్దవాడవుతాడు. అదే వరుసలో వెనక్కి, వెనక్కి వెళ్లి పొడవు లెన్సుతో తీస్తే అసలు నిష్పత్తి బయటపడుతుంది. కాబట్టి దూరం నుంచి తీసిన ఫొటోను అబద్ధాలకోరు అనకండి. అది పరిమాణాలను నిజంగా చెబుతుంది, మధ్యనున్న ఖాళీని మాత్రం దాస్తుంది. దగ్గర నుంచి తీసింది ఖాళీని చూపిస్తుంది, పరిమాణాలను చెడగొడుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే ఒక ఫొటో చాలదు.

ఫొటోను చూసేవాడికీ నిలబడే చోటు ఉంది. 36 ఎం.ఎం. సెన్సరు బొమ్మను 36 సెంటీమీటర్ల వెడల్పున ప్రింటు తీస్తే పది రెట్లు పెంచినట్టు. 50 లెన్సుతో తీసినదైతే ఆ ప్రింటును 50 సెంటీమీటర్ల నుంచి, 24తో తీసినదైతే 24 సెంటీమీటర్ల నుంచి, 200తో తీసినదైతే 2 మీటర్ల నుంచి ఒంటికన్నుతో చూడాలి. అప్పుడు కెమెరా ఉన్నచోట మీ కన్ను ఉన్నట్టే. సాగడమూ ఉండదు, నొక్కుకోవడమూ ఉండదు. మనం అన్ని ఫొటోలనూ చేతిపొడవు దూరం నుంచే చూస్తాం. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఇక కట్టడాలకు వద్దాం. రోములో పలాజ్జో స్పాదా అనే భవనం ఉంది. దాని పెరటివైపు 1652-53లో బొర్రోమినీ అనే వాస్తుశిల్పి ఒక స్తంభాల వసారా కట్టాడు. లెక్కలకు సాయపడింది జొవాన్ని మారియా ద బితోంతో అనే సన్యాసి. అసలు పొడవు 9 మీటర్ల లోపే. ఎదుట నిలబడితే 35 మీటర్ల దాకా ఉన్నట్టుంటుంది. లోపలికి పోయేకొద్దీ నేల లేస్తుంది, కప్పు దిగుతుంది, గోడలు దగ్గరవుతాయి, స్తంభాలు పొట్టివవుతాయి. చివర కనిపించే విగ్రహం నిలువెత్తు మనిషిలా ఉంటుంది గానీ సుమారు 60 సెంటీమీటర్లే. మిలాన్‌లో బ్రమాంతే ఇంకా ముందే, 15వ శతాబ్దం చివర్లో, సాంత మరియా ప్రెస్సో సాన్ సాతిరో చర్చిలో ఇలాంటి పని చేశాడు. అక్కడ వెనక వీధి అడ్డొచ్చింది, గర్భాలయం కట్టడానికి చోటు లేదు. మీటరు లోపు లోతులో పలకలు చెక్కి పెద్ద మండపం ఉన్నట్టు చూపించాడు. ఈ రెండిటిలో నాకు మిలాన్‌దే గొప్పగా తోస్తుంది. వేడుక కోసం చేసింది కాదది, అవసరం తీర్చింది.

దీని వెనక లెక్క చాలా సులువు. పెళ్లి మండపాలు, వినాయక చవితి పందిళ్లు వేసేవాళ్లకు నేరుగా పనికొస్తుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను, రాసుకోండి. అసలు లోతు 8 అడుగులే దొరికింది, 30 అడుగుల లోతున్నట్టు కనిపించాలి. చూసేవాడు ముఖద్వారానికి 12 అడుగుల దూరంలో ఉంటాడనుకుందాం. చివరి కొలతను ఎంత తగ్గించాలి? కంటి నుంచి అసలు చివర దాకా దూరం 12 ప్లస్ 8, అంటే 20. కల్పిత చివర దాకా 12 ప్లస్ 30, అంటే 42. 20ని 42తో భాగిస్తే 0.476. ఎదుట 10 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు ఉంటే చివర 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు, 5 అడుగుల 9 అంగుళాల వెడల్పు రావాలి.

ఈ తగ్గింపు ఎటువైపు నుంచి? అందరూ పొరపాటు పడేది ఇక్కడే. కంటి మట్టం వైపుకు తగ్గాలి. చూసేవాడి కన్ను నేలకు 5 అడుగుల ఎత్తులో ఉంటే, పై 5 అడుగులూ కింది 5 అడుగులూ సమానంగా కుదించుకుంటాయి. అప్పుడు చివర నేల 2 అడుగుల 7 అంగుళాలు లేస్తుంది, కప్పు అంతే దిగుతుంది. కానీ మన మండపాలు మూడడుగుల స్టేజీ మీద ఉంటాయి, చూసేవాళ్లు కింద కుర్చీల్లో కూర్చుంటారు. కూర్చున్నవాడి కన్ను నేలకు దాదాపు 4 అడుగులు, స్టేజీ మట్టానికి అడుగు మాత్రమే పైన. అలాంటప్పుడు స్టేజీ నేల చివర 6 అంగుళాలు లేస్తే చాలు, కప్పు మాత్రం 4 అడుగుల 9 అంగుళాలు దిగాలి. ఇది చూసుకోకుండా నేలనూ కప్పునూ సమానంగా వంచితే, స్టేజీ ముందుకు జారిపోతున్నట్టు, దీపాలు దొర్లిపడతాయేమో అన్నట్టు ఉంటుంది.

తర్వాత స్తంభాలు. ఒక్కో వైపు ఐదు స్తంభాలు సమాన దూరంలో ఉన్నట్టు కనిపించాలి. సమానంగా పాతితే కుదరదు. బీజగణితమూ అక్కర్లేదు, పురికొస చాలు. పక్కగోడ చట్రం ఎదుట 10 అడుగులు, చివర 4 అడుగుల 9 అంగుళాలు కదా. ఎదుటి పైమూల నుంచి చివరి కిందిమూలకు ఒక కొస, ఎదుటి కిందిమూల నుంచి చివరి పైమూలకు ఒక కొస లాగండి. అవి కలిసేచోటే నడిమి స్తంభం. అది ముఖద్వారానికి 5 అడుగుల 5 అంగుళాల లోతులో వస్తుంది, 4 అడుగుల దగ్గర కాదు. ముందు భాగానికి మళ్లీ ఐమూలగా కొసలు లాగితే రెండో స్తంభం 3 అడుగుల 3 అంగుళాల పైచిలుకు దగ్గర, వెనక భాగానికి లాగితే నాలుగోది 6 అడుగుల 11 అంగుళాల దగ్గర పడతాయి. ఎత్తులకు ఇంకో కొస: ఎదుటి స్తంభం తల నుంచి చివరి స్తంభం తల దాకా లాగండి, మధ్య స్తంభాల తలలు దానికి తగలాలి. వరసగా 10 అడుగులు, 7 అడుగుల 10 అంగుళాలు, 6 అడుగుల 5, 5 అడుగుల 6, 4 అడుగుల 9 వస్తాయి. స్తంభాల లావు కూడా అదే నిష్పత్తిలో తగ్గాలి. లావు తగ్గించడం మరిచిపోతే వెనకవి దుడ్డుకర్రల్లా కనిపించి గుట్టు రట్టవుతుంది.

చూసేవాడు కదిలితే ఏమవుతుంది? నడి వరసలో నేరుగా వెనక్కి వెళ్తే ఏమీ చెడదు సరికదా, లోతు పెరుగుతుంది. 40 అడుగుల వెనక నుంచి చూస్తే అదే 8 అడుగుల వసారా 60 అడుగుల లోతున్నట్టు లెక్క తేలుతుంది. పైగా అంత దూరంలో రెండు కళ్లు కలిసి లోతు పసిగట్టే శక్తి బాగా తగ్గిపోతుంది. 12 అడుగుల నుంచి రెండు కళ్లతో చూసేవాడు ఏదో తేడా ఉందని పట్టేస్తాడు, ఒంటికన్ను కెమెరా పట్టలేదు. పక్కకు జరిగితే మాత్రం రెండు గోడలకూ పొత్తు కుదరదు. అందుకని ఫొటోగ్రాఫర్ ట్రైపాడ్‌ను నడి వరసలోనే పెట్టించండి, ఎత్తు మీరు లెక్కేసిన కంటి మట్టమే ఉండాలి.

మిగిలినవి వస్తువులు బయటపెట్టే గుట్టులు. ముందూ వెనకా ఒకే బంతిపూల దండ కడితే పువ్వు సైజే సాక్ష్యం చెప్పేస్తుంది. ముందు పెద్ద బంతి, మధ్యలో చిన్న బంతి, చివర చిట్టి చేమంతి కట్టాలి. సీరియల్ లైట్లు కూడా అంతే, వెనక చిన్న బల్బులు, మధ్య ఖాళీలు తక్కువ. నేల మీద గడులు వేస్తే అవీ కొసల లెక్కనే తగ్గాలి. వెనక రంగులు కొంచెం పాలిపోయి, నీలం వైపు మొగ్గితే మంచిది, దూరపు కొండల్లాగే. ఇక మనుషులు: వధూవరుల పీటలు ముఖద్వారానికి ముందే ఉండాలి. లోపల చివరి స్తంభం నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. పురోహితుడు హారతి కోసం ఒక్కసారి లోపలికి నడిచాడా, స్తంభాన్ని మించి రాక్షసుడవుతాడు. స్పాదాలో కూడా ఎవరైనా వసారా చివరిదాకా నడిస్తే జరిగేది అదే.

ఎత్తైన వాటి దగ్గర ఇంకో సమస్య. పైనున్నవి చిన్నవవడమే కాదు, ఏటవాలుగా కూడా కనిపిస్తాయి. అందుకే నష్టం రెండింతలు. సూత్రం ఇది: అక్షరం కంటి మట్టానికి ఎంత ఎత్తులో ఉందో దాన్ని, గోడకు మీరెంత దూరంలో ఉన్నారో దానితో భాగించి, వర్గం చేసి, ఒకటి కలపండి. కంటి మట్టంలోని అక్షరం కంటే అన్ని రెట్లు పొడవు ఉంటేనే సమానంగా కనిపిస్తుంది. 20 అడుగుల దూరం నుంచి 20 అడుగుల ఎత్తులోని పేరు చదవాలంటే అక్షరం పొడవు రెండింతలు కావాలి. 40 అడుగుల ఎత్తుకైతే ఐదింతలు. తాజ్‌మహల్ ద్వారాల చుట్టూ చెక్కిన లిపి పైకి వెళ్లేకొద్దీ పెద్దదవుతుంది, కింది నుంచి చూస్తే అంతా ఒకే తీరుగా ఉంటుంది. ఆలయాల మీద, కమాన్ల మీద పేర్లు రాయించేవాళ్లు వెడల్పును అంతగా పెంచనక్కర్లేదు. అక్షరాన్ని నిలువుగా సాగదీయాలి. కంప్యూటర్లో చూసినప్పుడు వికారంగా ఉందని సరిచేయకండి. అది కింద నిలబడ్డవాడికోసం గీసిన అక్షరం.

గ్రీకులూ రోమన్లూ దీన్ని సూత్రాల్లోనే పెట్టుకున్నారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విత్రూవియస్, స్తంభాల పైనుండే భాగాల ముఖాలను వాటి ఎత్తులో 12వ వంతు ముందుకు వంచమన్నాడు. మూల స్తంభాలను 50వ వంతు లావు చేయమన్నాడు, ఆకాశం వెలుగు చుట్టూ పరుచుకుని వాటిని సన్నగా చూపిస్తుంది కాబట్టి. ఏథెన్స్ పార్థెనాన్ నేల కూడా సమతలం కాదు. పొట్టి వైపు మధ్యలో సుమారు 6 సెంటీమీటర్లు, పొడుగు వైపు సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. అది కంటి కోసమా, వాననీరు జారడానికా అన్న వాదన ఉంది. ఒక కారణం ఉంటే ఇంకోటి ఉండకూడదని ఏముంది?

అదే చార్మినార్ ఎదుట కెమెరా పైకెత్తితే మినార్లు లోపలికి వాలతాయి. సెన్సరు నిటారుగా లేకపోవడమే కారణం. వాలకుండా తీయాలంటే కెమెరాను నిటారుగా ఉంచి వెనక్కి వెళ్లాలి. 24 ఎం.ఎం. లెన్సు, నిలువు ఫ్రేము, సుమారు 160 అడుగుల ఎత్తు అనుకుంటే 63 మీటర్లు వెనక్కి వెళ్తే గానీ మినారు తల ఫ్రేములో పడదు. 12 ఎం.ఎం. పైకి జరిగే షిఫ్ట్ లెన్సు ఉంటే 38 మీటర్లు చాలు. ఏదీ కుదరకపోతే సాఫ్ట్‌వేర్‌లో సరిచేయవచ్చు, కానీ నూటికి నూరు వంతులూ సరిచేయకండి. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి కొంచెం కలుసుకోవడం అలవాటు. పూర్తిగా నిటారు చేస్తే పైభాగం విచ్చుకుని తలబరువుగా తోస్తుంది. పదిలో ఒకటి, రెండు వంతుల వాలు వదిలేయడం నాకు నచ్చుతుంది. మనసుకు ఈ అలవాటు ఎంత గట్టిదో చూడాలంటే, కింది నుంచి తీసిన గోపురం ఫొటో ఒకటే రెండు కాపీలు పక్కపక్కన పెట్టండి. కుడిదాన్ని చూస్తే ఎక్కువ కుడికి వాలినట్టుంటుంది. పిసా గోపురం ఫొటోతో ఈ సంగతి చూపించినవాళ్లకు 2007లో ఆ ఏటి ఉత్తమ భ్రమ బహుమతి వచ్చింది.

చార్మినార్‌కు ఉత్తరాన, గుల్జార్‌హౌజ్ చుట్టూ చార్ కమాన్లు ఉన్నాయి. దక్షిణపు కమాను లోంచి చార్మినార్‌ను చూస్తూ నడిస్తే, దగ్గరికి వెళ్లేకొద్దీ అది చిన్నదవుతున్నట్టు ఉంటుంది. లెక్కకోసం కమాను 20 మీటర్లు, కట్టడం 120 మీటర్లు అనుకోండి. పది మీటర్లు నడిస్తే కమాను కంటికి రెండింతలవుతుంది, కట్టడం 9 శాతమే పెరుగుతుంది. చట్రం వేగంగా విప్పారితే లోపలిది కుంచించుకుపోయినట్టే. ఢిల్లీలో ఇండియా గేట్ నుంచి రైసినా కొండ వైపు వెళ్తుంటే రాష్ట్రపతి భవన్ చిన్నబోవడానికి ఇదీ ఒక కారణం. దగ్గరయ్యాక కొండ వాలే గుమ్మటాన్ని కప్పేస్తుంది. అక్కడి భవనాలు గీసిన వాస్తుశిల్పులు లుట్యెన్స్, బేకర్ల మధ్య మనస్పర్ధలు తెచ్చిపెట్టింది ఆ వాలే. తాజ్‌మహల్ పెద్ద దర్వాజాలో కూడా ఇది చూడవచ్చు. పెళ్లి ఊరేగింపు దారిలో స్వాగత తోరణం ఎక్కడ కట్టాలో ఆలోచించేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి. తోరణం గుడికి దగ్గరగా ఉంటే రెండూ కలిసి పెరుగుతాయి, గుడి చిన్నబోదు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

సభ నుంచి: నిజమైన ఊరిని పైనుంచి తీసిన ఫొటోలు కొన్ని బొమ్మల కొలువులా ఉంటాయి. ఎందుకండీ?

మసక వల్ల. కెమెరా చాలా దగ్గరగా ఉన్న చిన్న వస్తువును తీసినప్పుడే ముందూ వెనకా గట్టిగా మసకేస్తుంది. బొమ్మల ఫొటోల్లో మనం చూసి చూసి అలవాటుపడ్డ గుర్తు అది. ఊరి ఫొటోకు పైనా కిందా ఆ మసక పులిమితే మనసు "ఇది చిన్నది" అంటుంది. పైనుంచి, కనీసం 30, 40 డిగ్రీలు కిందికి చూస్తూ తీసినదైతే బాగా నప్పుతుంది. పొడుగు గోపురం ఒకటి మసక గీతను దాటి పైకి లేస్తే మాత్రం సగం పదును, సగం మసక అయి మోసం తెలిసిపోతుంది. ఇది తిరగేస్తే సూక్ష్మ నమూనాను పెద్దదిగా చూపించే విద్య: మసక లేకుండా సన్నని రంధ్రంతో, ఎఫ్ 16, 22తో, వెలుతురు బాగా పెంచి తీయాలి. కదిలేదైతే వేగం కూడా మార్చాలి. 25వ వంతు నమూనాలో పడే నీరు, కూలే గోడ నిజమైనంత బరువుగా కనిపించాలంటే 25కు వర్గమూలం, అంటే ఐదు రెట్ల వేగంతో, సెకనుకు 120 ఫ్రేములు తీసి 24లో చూపించాలి. 1957లో మాయాబజార్ కోసం ద్వారకను సూక్ష్మ నమూనాగా కట్టి, మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో పట్టణమంత చేసి చూపించారు. కంప్యూటర్ లేని రోజుల్లో అది ఎంత ఓపికతో చేసిన పనో ఆలోచించండి.

సభ నుంచి: అరచేతిలో చార్మినార్ పెట్టుకున్న ఫొటో తీస్తే ఎప్పుడూ చెయ్యో కట్టడమో ఒకటి మసకవుతోంది.

ముందు దూరం చూసుకోండి. అరచేతి మీద జానెడు, అంటే 20 సెంటీమీటర్లు కనిపించాలి, చెయ్యి కెమెరాకు మీటరున్నర దూరంలో ఉంది అనుకుంటే, 160 అడుగుల కట్టడానికి సుమారు 365 మీటర్ల దూరం కావాలి. పదును కోసం 24 ఎం.ఎం. లెన్సును ఎఫ్ 16లో పెట్టి 1.2 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 60 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా పదునుగా ఉంటుంది. 50తో అయితే 2.6 మీటర్ల లోపలున్నది మసకే. మీకు జరుగుతున్నది ఇదే అయ్యుంటుంది. కెమెరాను చేతి మట్టానికి దించి, చేతి అంచూ కట్టడం అడుగూ కలిసేలా కెమెరానే అంగుళం అంగుళం జరపండి. మనిషిని జరుపుతూ కూర్చుంటే పొద్దుపోతుంది.

సభ నుంచి: అమెరికాలో ఉంటూ ఇక్కడ ఫ్లాటు కొనాలనుకునేవాళ్లకు ఫొటోలే ఆధారం. అసలు గది ఎంతో కనిపెట్టే దారి ఉందా?

ఉంది. ఆ ఫొటోలు మూలన నిలబడి, 16 ఎం.ఎం. లాంటి వైడ్ లెన్సుతో తీస్తారు. దగ్గరి టైలు చాప అంత, ఎదుటి గోడ మైలు దూరంలో ఉన్నట్టు వస్తుంది. ఫ్రేము అంచున గుండ్రని కుండీ ఒకటిన్నర రెట్లు సాగి కోడిగుడ్డవుతుంది. కుండీ అలా కనిపిస్తే లెన్సు ఏమిటో తెలిసిపోయినట్టే. సెన్సరుకు సమాంతరంగా ఉన్న గోడ, దాని మీది తలుపు మాత్రం ఆకారం చెడవు. అందుకని ఎదుటి గోడ తలుపును పట్టుకోండి. మన ఇళ్లలో తలుపు ఎత్తు మామూలుగా 7 అడుగులు, పడకగది తలుపు వెడల్పు 3 అడుగులు. ఆ గుమ్మం దగ్గర టైళ్లు లెక్కపెట్టండి. తలుపు వెడల్పుకు ఒకటిన్నర టైలు పడితే అవి 2 అడుగుల టైళ్లు. ఒకటీ, ఇంకో టైల్లో ఎనిమిదో వంతూ పడితే 32 అంగుళాలవి. ఇక గది పొడవునా వెడల్పునా ఎన్ని టైళ్లున్నాయో లెక్కపెట్టి గుణించండి. లెన్సు టైళ్ల సైజును ఎంత మార్చినా సంఖ్యను మార్చలేదు. టైళ్లు 4 ఇంటూ 2 రకమైతే పొడుగు వైపు ఎటుందో తలుపు ఒక్కటే చెప్పదు, పక్కగోడ వెంట ఇంకో ఫొటో అడగండి. నేల మీద పెద్ద కార్పెట్ పరిచి తీసినవైతే, కార్పెట్ తీసేసి మళ్లీ పంపమనండి.